ఆటల ఛానలు: ఇకముందు దారి యేది?

మా పాఠశాలలో తొమ్మిదవ, పదవ తరగతుల బాలురు నలుగురు కూడి, సెల్లుఫోనులో తామాడు ఆటలను వీడియోలుగా తీసి, యూట్యూబునందు ఒక ఛానలు నడుపుచున్న సంగతి ఈ సంచిక చదువు తల్లిదండ్రులలో ననేకు లెఱిగినదే. ఛానలు పుట్టి రమారమి రెండేండ్లయినది. చందాదారులు ఏడువందల పైచిలుకు. ఇప్పుడా బాలురు దాని దారి మార్చవలెనని తలంచి, ఏ దారి పట్టవలెనో తేల్చుకొనలేక, ఉపాధ్యాయుల యభిప్రాయము కోరిరి. అడిగినవారికి జవాబు చెప్పుట మా విధి. ఇట్టి ఛానలు నడుపువారును, నడుపవలెనని యువ్విళ్లూరువారును మన బడిలోనే మఱి కొందఱున్నారు గనుక, నలుగురికి చెవిలో చెప్పవలసిన మాటను ఇచ్చట అచ్చులో వ్రాయుచున్నాము.

ఉపాధ్యాయుల గదిలో ఈ విషయమై మూడభిప్రాయములు వినవచ్చినవి. ఛానలును వెంటనే మూసివేయవలెనని కొందఱు. అది యింటి విషయము, బడికి పనిలేదని కొందఱు. ఆటలు తీసివేసి వాక్యపాఠములును, పరీక్షల ప్రశ్నోత్తరములును పెట్టింపవలెనని మఱి కొందఱు. మొదటివారి మాటకు మేమొక్కటే చెప్పెదము. మూయుమన్నచో మూయుదురు, వారము తిరుగకుండ వేఱొక పేరున తెఱచెదరు, అప్పుడు మనల నడుగరు. రెండవవారి మాట నిలువదు, ఏలయన తెల్లవాఱి మొదటి గంటలో నిద్రకు తూగు కన్నులు మన యెదుటనే యున్నవి. మూడవవారి సలహా సదుద్దేశముతో గూడినదే. కాని ఆట చూడవచ్చినవానికి ఆట పేరు చూపి ప్రసంగము వినిపించుట, అంగడిలో బియ్యపు బస్తాపై చక్కెర యని వ్రాసినట్టిది. సువార్తకు అట్టి మఱుగు అక్కఱలేదు.

ఇంతకు ఈ ఛానలు ఏ దారిన నడచినదో తల్లిదండ్రులు తెలిసికొనవలెను. మొదట ఆఱు నెలలు బాలురు తుపాకుల యుద్ధపు ఆట నొకదానిని ఆడుచు, ఎవరో పేరుపొందినవారి కేకలను, సగము హిందీ సగము ఇంగ్లీషు మాటలను అనుకరించుచు వీడియోలు తీసిరి. చూచినవారు ముప్పది నలువదిమంది, అందును సగము బంధువులు. పిమ్మట ఒక నిమిషమునకు మించని పొట్టి వీడియోలు తీసిరి. ఒకటి రెండు కొన్ని వేలమందికి చేరినవి. ఆ వేలమందిలో తిరిగి వచ్చినవారు పదుగురు లేరు. తరువాత బొమ్మమీద పెద్ద యక్షరములతో "వజ్రములు ఉచితము" అని వ్రాయసాగిరి. ఆ ఆటలో వజ్రములనగా రూకలిచ్చి కొనవలసిన సరకు. ఉచితముగా నెవరు నీయరు. వీడియోలోను ఇచ్చినది లేదు. పసిబిడ్డలు ఆశతో తెఱచి, మోసపోయి, క్రింద తిట్లు వ్రాసి పోయిరి. ఆ తిట్లను మేము చదివితిమి. తెలుగే, మన యూళ్లలోని బిడ్డలు వ్రాసినవే.

ఇది యీ నలుగురి దుర్బుద్ధి యని మే మనుకొనుట లేదు. యంత్రము నడచు విధమే యట్టిది. యూట్యూబువారు 2012లో ఒక మార్పు చేసిరి. ఒక వీడియోను ఎందఱు తెఱచిరన్న లెక్కకంటె, ఎంతసేపు చూచిరన్న లెక్కకు ప్రాధాన్య మిచ్చి, దానినిబట్టి ఇతరులకు సిఫారసు చేయ మొదలిడిరి. గంటలకొలది సాగు ఆటల వీడియోలకు అది మిక్కిలి కలిసివచ్చెను. 2020 జూలై నుండి ఎనిమిది నిమిషముల వీడియోల నడుమను ప్రకటనలు చొప్పించు వీలు కలిగెను. అంతకుముందు పది నిమిషములుండవలెను. కావుననే నాలుగు నిమిషములలో ముగియు సంగతిని ఎనిమిది నిమిషములకు సాగదీయువారు పుట్టిరి. 2020 జూన్ 29న టిక్‌టాకును మన ప్రభుత్వము నిషేధించిన పిదప, సెప్టెంబరులో యూట్యూబువారి పొట్టి వీడియోలు లోకమున మొట్టమొదట మన దేశముననే పరీక్షింపబడెను. కాలువ ఎటు త్రవ్వబడినదో నీరటే పోవును. దారి తామే యెన్నుకొంటిమని పిల్ల లనుకొందురు.

ఇక రూకల మాట. ప్రకటనల యాదాయములో పాలు దొరకవలెనన్న నిబంధన ప్రకారము 1,000 మంది చందాదారులును, గడచిన పండ్రెండు నెలలలో 4,000 గంటల వీక్షణయు నుండవలెను; లేదా తొంబది దినములలో పొట్టి వీడియోలకు కోటి వీక్షణలుండవలెను. నాలుగువేల గంటలనగా రెండు లక్షల నలువదివేల నిమిషములు. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషములు చూచిరనుకొన్నను, ఏడాదిలో అఱువదివేల మార్లు తెఱచి చూడవలెను. బాలురు చెప్పిన దానినిబట్టి ఒక వీడియో ఆడి, కోసి, అతికి, మాటలు చేర్చుటకు అయిదు గంటలు పట్టును. వారమునకు రెండు వీడియోలనగా పది గంటలు. ఈ లెక్కను మేము నల్లబల్లమీద వేసి చూపినప్పుడు వారు కొంతసేపు మాటాడలేదు. నెలసరి పరీక్షలో గణితమునకు వారు వెచ్చించు కాలమును ఆ ప్రక్కనే వ్రాయు మనస్సు మాకు కలిగినది గాని మానుకొంటిమి.

పెద్ద ఛానళ్ల గతియైనను చూతము. ఫెలిక్సు షెల్‌బర్గు అనునతడు స్వీడను దేశములోని గోథెన్‌బర్గువాడు, 1989లో జన్మించెను. ప్యూడీపై యను పేరున 2010లో ఛానలు తెఱచి, చాల్మర్సు సాంకేతిక విశ్వవిద్యాలయమున చదువు విడిచి, భయంకరమైన ఆటలను ఆడుచు కేకలు వేయుటచే ప్రసిద్ధుడయ్యెను. 2013 ఆగష్టు నాటికి లోకములో నందఱికంటె నెక్కువ చందాదారులు గలవాడయ్యెను. పిమ్మట ఆటలనుండి మఱలి పరిహాసములకు దిగెను. యూదులను గూర్చిన కొన్ని పరిహాసములను వాల్‌స్ట్రీటు జర్నలు పత్రిక బయలుపెట్టగా, 2017 ఫిబ్రవరిలో డిస్నీవారి సంస్థ అతనితో సంబంధము తెంచుకొనెను. ఆ తరువాత మన దేశపు పాటల సంస్థయగు టీ-సిరీసుతో చందాదారుల లెక్కలో పోటీ. "ప్యూడీపైకి చందా కట్టుడు" అనునది ఒక నినాదముగా లోకమంతట ప్రాకెను. 2019 మార్చి 15న న్యూజీలాండులోని క్రైస్టుచర్చి పట్టణమున మసీదులపై బడి 51 మంది ప్రాణములు తీసిన ఘాతకుడు ఆ నినాదమునే పలికెను. ఆ నెల మఱునెలలోనే షెల్‌బర్గు, దానిని ఇక విడిచిపెట్టుడని తనవారిని వేడుకొనెను.

ఆ హంతకుని క్రూరకృత్యమునకు ఇతడు కర్త కాడు; అట్లని మేము చెప్పుట లేదు. అయితే నోటినుండి వెడలి కోట్లమందికి చేరిన మాట ఎవరి నోట ఏ పనికి వచ్చునో పలికినవాని యధీనములో నుండదు. ఇది ఏడువందల చందాదారులు గల ఛానలునకును చెల్లును. గమనింపదగిన సంగతి మఱియొకటి కలదు. 2019 వేసవిలో అతడు మైన్‌క్రాఫ్టు అను ఇండ్లు కట్టు ఆటను తీసికొని, కేకలు లేక, తీరుబడిగా ఆడ నారంభించెను. జనులు విసుగు చెందలేదు, మిక్కిలి సంతోషించిరి. ఆ ఆగష్టులోనే చందాదారులు పది కోట్లు దాటిరి. అయినను 2020 మొదట కొంతకాలము విశ్రాంతి తీసికొనెను. 2022లో భార్యతో జపాను చేరి, మునుపటివలె దినదినము వీడియో పెట్టు పద్ధతి విడిచెను. పది కోట్లమంది చూచుచుండగా తగ్గించుకొనగలిగిన పనిని ఏడువందలమంది చూచుచున్నారని తగ్గించుకొనలేమనుట వింతగా నున్నది.

ఒక్క ఆటనే పట్టుకొని వ్రేలాడుటవలని యపాయమును మన దేశములో కన్నులార చూచితిమి. పబ్జీ యను యుద్ధపు ఆటను 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వము నిషేధించెను. దాని మీదనే బ్రదుకుచున్న ఛానళ్లు ఒక్క రాత్రిలో దిక్కులేనివయ్యెను. 2021 జూలైలో అదియే వేఱొక పేరుతో వచ్చెను. 2022 జూలైలో అంగళ్లనుండి తొలగింపబడెను. 2023 మేలో మరల వచ్చెను. ఫ్రీ ఫైరు అనునదియు 2022 ఫిబ్రవరిలో నిషేధింపబడెను. ఇట్టి చోట ఇల్లు కట్టువాడు పునాది ఎట్టి నేలలో వేయుచున్నాడో ఆలోచింపవలదా? ఇసుకమీది యింటి యుపమానము మన బిడ్డలు ఆదివారపు బడిలో నేర్చినదే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చుచున్నాము. ఈ బాలురు దారి మార్చవలెనని తలంచుటకు కారణము వీక్షకుల కొఱత కాదు. రూకలు పెట్టి ఆడించు జూదపు ఆటల తెగలోని యొక కంపెనీ తరఫున వారికి జాబు వచ్చినది. వీడియో మొదట అర నిమిషము తమ ఆటను పొగడి, క్రింద దాని లంకె పెట్టినచో, ఇంత సొమ్ము ఇత్తుమని. నలుగురిలో నొకని తండ్రి ఆటో నడుపువాడు. ఛానలు ఖాతా ఆయన పేరిటనే యున్నది. జాబులోని మొత్తము ఆయన నెల సంపాదనకు తక్కువ కాదు. ఆ బాలుడు దానిని దాచక తెచ్చి మాకు చూపెను. చూపునప్పుడు వాని చేయి కొంచెము వణకినదని చెప్పుట వానికి అవమానము కాదనుకొనుచున్నాము. బీదయింటి బిడ్డ కంతటి సొమ్ము విడుచుట సులభమైన పని కాదు.

చట్టము మాట స్పష్టముగానే యున్నది. రూకల పందెముతో నాడు ఆన్‌లైను ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. పార్లమెంటు చేసిన చట్టమునకు 2025 ఆగష్టు 22న రాష్ట్రపతి యామోదము లభించెను. దాని ప్రకారము అట్టి ఆటలకు ప్రకటన చేసినవారికి రెండేండ్ల వఱకు చెఱయు, ఏబది లక్షల రూపాయల వఱకు జుల్మానాయు విధింపవచ్చును. 2025 మార్చిలో హైదరాబాదున పందెపు యాపులకు ప్రచారము చేసిరని పేరుగల పలువురిమీద పోలీసులు కేసులు పెట్టిరి. ఖాతా తండ్రి పేరిట నున్నది గనుక సంతకము చేయనివాడే చిక్కులో పడును. అయితే చట్టము లేకున్నను మా జవాబు మాఱదు. ఈ ఛానలు చూచువారిలో అధికులు పదేండ్లకును పదునాలుగేండ్లకును నడుమనున్న బిడ్డలు. వారి చేతిలోని ఫోను తండ్రిది. ఆ ఫోనులో తండ్రి బ్యాంకు.

వద్దనుట చాలదు. వద్దని చెప్పి ఊరకున్నచో వజ్రముల బొమ్మకే తిరిగి పోవుదురు. మేము బోధనా కళాశాలలో నేర్చిన పాఠము లనేకము మఱచితిమి గాని ఒకటి మఱవలేదు: ఏ పాఠమైనను తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెను, చెప్పువాడు ప్రతి మెట్టును తాను చూచుచు, వినువానికి చూపవలెను. ఈ నలుగురి వీడియోలన్నియు మేము కూర్చుండి చూచితిమి (మా యింటివారు నవ్విరి). కేకల నడుమ ఒకచోట, ఓడిపోయిన పిమ్మట, వారిలో నొకడు తానెందులకు ఓడెనో రెండు నిమిషములు చక్కని తెలుగులో చెప్పినాడు. ఎదిరి ఎక్కడ నుండెను, తానేల చూడలేదు, చూచియుండినచో ఏమి చేయవలసియుండెను. తడబాటు లేదు, అనుకరణము లేదు. శిక్షణలో నున్న యువ యుపాధ్యాయుడు ఆదర్శ పాఠమున అట్లు చెప్పియుండినచో మంచి మార్కులే వేసియుందుము. ఆ ఛానలులో మేము చూచిన సొత్తు ఆ రెండు నిమిషములే. దారి మార్చుట యనగా, ఆ రెండు నిమిషములను ఎనిమిదిగా సాగదీయక, అట్టివి మఱి పది సంపాదించుట.

ఇట్లు వివరించు ఛానళ్లు లోకములో లేకపోలేదు. అమెరికాలో మాథ్యూ పాట్రికు అనునతడు 2011 నుండి ఆటలలోని కథలను, లెక్కలను, భౌతిక శాస్త్రపు తప్పొప్పులను శోధించి చెప్పుచు కోట్లమందిని సంపాదించెను. కుటుంబముతో కాలము గడుపవలెనని 2024 మార్చిలో తాను తెరమీదినుండి విరమించెను. పని ఇతరుల చేతులలో సాగుచున్నది. కేకలు వేయువాని స్థానమున వేఱొకనిని నిలుపుట కష్టము. వివరించువాని స్థానమున, వివరింప నేర్చిన మఱియొకడు నిలువగలడు.

తెలుగు బిడ్డలకు ఏ ఆట? మా మనవి చదరంగము. లిచెస్సు అను చోట ఒక్క పైసా యీయక, ప్రకటనలు లేక, ఎవరైనను ఆడవచ్చును. ఎత్తులన్నియు వ్రాతగా నిలిచియుండును. వీడియో తీయుటకు ఖరీదైన ఫోను అక్కఱలేదు. ఇక మన ప్రాంతమునకు కొఱతయా? కోనేరు హంపి గుడివాడలో జన్మించెను. 2002లో పదునైదేండ్ల ప్రాయముననే గ్రాండుమాస్టరై, అంతవఱకు ఆ పదవి పొందిన స్త్రీలందఱిలో పిన్నవయస్కురా లయ్యెను. స్త్రీల ర్యాపిడు ప్రపంచ విజేతగా 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను నిలిచెను. 2025 జూలైలో జార్జియా దేశపు బటూమిలో ప్రపంచ కప్పు చివరి పోటీలో పందొమ్మిదేండ్ల దివ్యా దేశ్‌ముఖు చేతిలో ఓడెను. ఈ ఓడిన ఆటనే మొదట తీసికొనుడని మా సలహా. గెలుపును ఎవరైనను పొగడుదురు. రెండు ఆటలు సమమై, వేగపు ఆటలలో తీర్పు వచ్చినది; ఆ త్వరలో నెచ్చట తూకము తప్పెనో తెలుగులో నెమ్మదిగా చెప్పువా డొకడు కావలెను. శకటు, ఏనుగు, మంత్రి యను మాటలు మన తాతలవి. వానిని వాడుటకు సిగ్గుపడకుడు. ఊరికొక పేరున్నచో మొదటి వీడియోలో చెప్పివేయుడు.

మైన్‌క్రాఫ్టునకును చోటున్నది, కాని అది వెలయిచ్చి కొనవలసినది. అందులో ఎఱ్ఱరాతి పొడితో తీగలు వేసినట్లు గీతలు వేసి దీపములను, తలుపులను నడుపవచ్చును. రెండు మీటలు నొక్కినప్పుడే వెలుగు దీపము, ఏ యొక్కటి నొక్కినను వెలుగు దీపము, నొక్కినచో ఆఱిపోవు దీపము, ఈ మూడును కట్టగలిగినవాడు కంప్యూటరు గుండెను ముట్టినవాడే. మన భౌతిక శాస్త్రపు గదిలో నిజమైన తీగలతో అదే కట్టి, ప్రక్కప్రక్కన చూపిన వీడియో తెలుగులో వచ్చినచో మేమే మొదట చూతుము. తుపాకుల ఆట నొక్క దెబ్బతో మానుడని మేము శాసింపము. ఓటమికి కారణము చెప్పగలిగిననాడే దానిని పెట్టుడు.

చందాదారులు తగ్గుదురు. ఈ మాట ముందే చెప్పవలెను, లేనిచో పిదప మమ్ము నిందింతురు. వజ్రములకై వచ్చినవారు బంటుల కదలిక చూచుటకు నిలువరు. సిఫారసు యంత్రము కూడ, పాతవారు తెఱవని వీడియోను క్రొత్తవారికి చూపుటకు వెనుదీయును. ఆఱు నెలలు నూఱు మంది చూచినచో చాలునని మనస్సు గట్టి చేసికొనుడు. మన తరగతి గదిలో నలువదిమందియే కదా యుందురు. వారికై మేము ప్రతిదినము పాఠము సిద్ధపఱచుకొని వచ్చుట లేదా?

మిగిలినవి చిల్లర సంగతులు. పక్షమునకొక వీడియో చాలును. జనవరినుండి పదవ తరగతి పరీక్ష ముగియువఱకు ఏదియు వద్దు. ప్రత్యక్ష ప్రసారమునకు దిగకుడు. 2025 జూలై 22 నుండి పదునాఱేండ్లు నిండనివారు పెద్దవారు తోడు లేక ప్రత్యక్ష ప్రసారము చేయరాదని యూట్యూబువారే కట్టడి చేసిరి. పాత వీడియోలను చెఱిపివేయ నక్కఱలేదు, కాని వజ్రముల బొమ్మలు మాత్రము ఈ వారములోనే తీసివేయుడు. ఆ జాబునకు జవాబు తండ్రిగారే వ్రాయవలెను. రెండు వాక్యములు చాలును. చిత్తు మేము వ్రాసి యిత్తుము.

మఱియొక మాట. చదరంగములో ఈ నలుగురిని ఓడింపగలిగిన బాలిక ఎనిమిదవ తరగతిలో నున్నది. ఆమెను అయిదవదానిగా చేర్చుకొనుడు. ముఖము చూపనక్కఱలేదు; పలకయు, కంఠమును చాలును. ఆమె తల్లిగారి యనుమతిని సోమవారము మేమే పోయి యడిగెదము.